బొగ్గు ఊరి గురించి నేను రాయని పేజీ

నా చిన్నప్పుడు నాకు చదువు కంటే నోరు ఎక్కువ. ఎవరి నడక చూసినా, ఎవరి గొంతు విన్నా అచ్చు అట్లాగే దించేసేదాన్ని. మా హెడ్మాస్టరు తుమ్మే తీరు, పసుపు మార్కెట్లో వేలం పాట పాడే మనిషి కేకలు, దుబాయ్ నుంచి సెలవుకొచ్చినవాళ్లు చేతి గడియారం కనబడేలా తల దువ్వుకునే తీరు, ఏదీ వదిలేదాన్ని కాదు. బడిలో పిల్లలంతా నా చుట్టూ మూగేవాళ్లు. ఇప్పుడు నేనే పంతులమ్మను. నా తరగతిలో అట్లాంటి పిల్ల ఒకతి ఉంటే మిగతా టీచర్లు ముద్దు చేస్తారు. నేను మాత్రం ఆ పిల్లను చూడలేక బోర్డు వైపు తిరిగిపోతాను. ఎందుకో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది ఆర్మూర్. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాఘం వచ్చిందంటే మా వాడంతా పసుపు ఉడికిన వాసనే. మా నాన్న పసుపు, మక్కజొన్న వేసేవాడు. మా పక్కింటి అక్క భర్త దుబాయ్‌లో పనిచేసేవాడు. చంటిపిల్లాడితో అక్క ఒక్కతే ఉండలేకపోతోందని వాళ్ల నాన్న వచ్చి ఆమె దగ్గర చేరాడు. ఆయన్ని నేను తాతా అని పిలిచేదాన్ని. గోదావరి అవతల బొగ్గు గనుల ఊరు ఆయనది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాయడానికి నాకింకా మొహం చెల్లడం లేదు. గనులు మూతబడి, చేతికి పని లేక, భార్య కూడా పోయాక తాత కూతురి దగ్గరకు వచ్చేశాడు.

తాతకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటికి వెళ్లినా గడప దాటగానే కూర్చునేవాడు కాదు. చేతికర్ర పైకెత్తి ఇంటి కప్పును మూడు చోట్ల కొట్టేవాడు. చెవి అటు పెట్టి వినేవాడు. అప్పుడు గానీ కూర్చునేవాడు కాదు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు పెంకుల సందులోంచి దుమ్ము రాలి మా అమ్మ ఇచ్చిన చాయ్‌లో పడింది. అమ్మ వంటింట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏందే, గీ ముసలాయన మన ఇల్లు గూల్చెటట్టే ఉన్నడు" అంది. నాకింకేం కావాలి! మర్నాడు బడిలో ఆ కొట్టుడు, ఆ వినుడు, మధ్యమధ్య వచ్చే ఆ పొడి దగ్గు, అన్నీ చేసి చూపించాను. పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వారు. 'బొగ్గు తాత' అని పేరు పెట్టింది కూడా నేనే.

ఆ ఏడు మాకు సోషల్ చెప్పే సారు ఒక పని పెట్టారు. ఆర్మూర్ కాకుండా ఇంకో ఊరి గురించి, ఆ ఊరివాళ్లనే అడిగి తెలుసుకుని రాసుకురావాలి. పుస్తకంలోంచి ఎత్తి రాయకూడదు. శనివారం అందరి ముందూ చదవాలి. చెప్పినవాళ్లను కూడా వెంట పిలుచుకొస్తే మరీ మంచిదన్నారు. సగం మంది దుబాయ్ అన్నారు, ఒకడు మగ్గాల పనికి పోయే భీవండి అన్నాడు, ఇంకొకతి హైదరాబాద్ అంది. నాకు గోడ అవతలే తాత దొరికాడు. రాయడం సులువవుతుందనే తప్ప ఆ ఊరి మీద నాకే ఇష్టమూ లేదు.

నేను అడిగిన సాయంత్రం తాత మొహం చూడాల్సింది. ఆర్మూర్ వచ్చి ఏడాది దాటినా, మీ ఊరు ఎట్లుంటదని ఒక్కరూ అడగలేదట. ఉండమని చెప్పి లోపలికి వెళ్లి, చొక్కా మార్చుకుని వచ్చి కూర్చున్నాడు. ఊరి గురించి చెప్పడానికి చొక్కా మార్చుకోవడమేమిటని నాకు నవ్వొచ్చింది. పంటిబిగువున ఆపుకున్నాను.

ఐదు సాయంత్రాలు చెప్పాడు. మా కల్లంలో పసుపు ఆరబోసి ఉండేది. ఆ పక్కనే గోనెసంచి పరుచుకుని నేను, మంచం పట్టె మీద తాత. ఆయన చెప్పిన ఊరు నేను చూసిన ఏ ఊరిలాగానూ లేదు. అక్కడ పొద్దు సైరన్‌తో తెలిసేదట. రోజుకు మూడు షిఫ్టులు, మూడు సైరన్లు. గనిలోకి దిగబోయేవాళ్లూ, దిగి వచ్చినవాళ్లూ ఒకే రోడ్డు మీద ఎదురుపడేవాళ్లు. వచ్చేవాళ్ల మొహాలు నల్లగా ఉండి ఎవరెవరో తెలిసేది కాదు. అందుకని నడకను బట్టి గుర్తుపట్టి పలకరించుకునేవాళ్లట. చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా చమురు బుడ్లు వెలుగుతున్న రోజుల్లోనే ఆ ఊళ్లో వీధి లైట్లున్నాయి, టాకీసులున్నాయి, పెద్ద దవాఖాన ఉంది, రైలు ఆగుతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లంతా ఒకే వరుస క్వార్టర్లలో ఉండేవాళ్లు. ఈ ఇంట్లో జొన్న గట్క వండితే పక్కింట్లో రొట్టెలు కాల్చేవాళ్లు. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజేస్తే వాడంతా పొగ కమ్మేది. "మా ఊర్లె తెల్ల పంచె గట్టుకుంటె పొద్దూకె వరకు తెల్లగుండది బిడ్డా" అని గర్వంగా చెప్పేవాడు. ఇందులో గర్వపడటానికి ఏముందో నాకు అర్థమయ్యేది కాదు.

తర్వాత బొగ్గు అయిపోయిందన్నారట. ఒక గని మూశారు, కొన్నాళ్లకు ఇంకొకటి. మూసిన గని నోటికి అడ్డంగా గోడ కట్టారు. వయసులో ఉన్నవాళ్లను వేరే ఊళ్ల గనులకు పంపారు, తాతలాంటి వాళ్లను ఇంటికి పంపారు. ఖాళీ అయిన క్వార్టర్ల తలుపులు, కిటికీలు ఎవరో ఊడబెరుక్కుపోయారు. ఒక టాకీసులో మక్కల బస్తాలు పెట్టుకున్నారు. సైరన్ ఆగిపోయిన మొదటి రోజు వాడలో ఏ ఇంట్లోనూ వేళకు పొయ్యి రాజలేదని, పిల్లలు ఆకలని ఏడ్చేదాకా ఎవరికీ పొద్దు తెలియలేదని చెప్పాడు. అది చెప్పేటప్పుడు తాత నవ్వాడు. నేనూ నవ్వాను.

తాత చేసింది టింబర్‌మన్ పని. బొగ్గు తీసేసిన చోట పైనున్న బండ కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. దిమ్మె పెట్టేముందు పొడుగాటి కర్రతో పై బండను కొట్టి చూడాలి. గట్టి బండైతే టంగుమంటుంది. లోపల పగులుంటే పగిలిన కుండను తట్టినట్టు డొల్లగా మోగుతుంది. ఒక్కచోట కొడితే తెలియదు, మూడు చోట్ల కొట్టి వినాలి. ఇళ్లల్లో ఆయన కొట్టుడు ఎందుకో నాకు ఆ నాలుగో సాయంత్రమే తెలిసిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి. తెలిసే చేశాను నేను.

ఐదో సాయంత్రం తాత కల్లంలోకి వంగాడు. పసుపు కొమ్ము ఒకటి తీసుకుని వేళ్లతో నలుపుతూ కూర్చున్నాడు. తర్వాత తన బావమరిది గురించి చెప్పాడు. భార్యకు తమ్ముడు, ఇరవై రెండేళ్లవాడు, కొత్తగా పెళ్లయింది. గనిలో పని ఇప్పించింది తాతే. ఆ రోజు షిఫ్టు అయిపోవస్తోంది. ఇంటికి పోవాలన్న తొందరలో తాత పై బండను ఒక్కసారే కొట్టాడు.

"మంచిగనే ఉన్నది, పో అన్న. వాడు నా మాట మీద పోయిండు బిడ్డా" అన్నాడు.

బండ పడింది. తర్వాత పైవాళ్లు వచ్చి అడిగితే తాత భయపడి, బండను కొట్టి చూసింది ఆ పిల్లవాడేనని చెప్పాడు. చనిపోయినవాడిదే తప్పని కాగితాల్లో రాసుకున్నారు. అతని భార్య ఇంకా ఆ ఊళ్లోనే, ఆ క్వార్టర్ల దగ్గరే ఉంటోంది. తన మొగుడు అజాగ్రత్తగా ఉండి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని ఇన్నేళ్లుగా అనుకుంటోంది. ఊళ్లోవాళ్లూ అదే అన్నారు. తాత ఒక్కనాడూ నోరు తెరవలేదు. సొంత కూతురికి కూడా చెప్పలేదు.

"గిది గూడ రాయి బిడ్డా. గామె ముందట కూసుంటె నాకు నోరు లేస్తలేదు. బళ్లె సదివినంక గా కాయితం నాకియ్యి. ఉగాదికి ఊరికి పోత. ఎవలితోనన్న ఆమెకు సదివిపిస్త. ఆమె యేమన్నంటే పడ్త."

నేను తలూపాను. పదకొండేళ్ల పిల్లకు అంత పెద్ద సంగతి అర్థం కాలేదులే అని చాలా ఏళ్లు నన్ను నేను సమాధానపరచుకున్నాను. అబద్ధం. నాకు శుభ్రంగా అర్థమైంది. ఆ ముసలాయన నా చేతిలో ఏం పెట్టాడో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున పుస్తకం తెరిచాను. సైరన్ గురించి రాశాను. టాకీసులు, బొగ్గు పొయ్యిలు, గోడ కట్టిన గని నోరు, అన్నీ రాశాను. ఆ పిల్లవాడి సంగతి దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఆగింది. ఇది చదివితే క్లాసులో ఎవరూ నవ్వరు కదా అనిపించింది. ఎవరూ నవ్వకపోతే ఇక నేను నిలబడి ఏం చేయాలి? తర్వాత రాద్దాంలే అని ఒక పేజీ ఖాళీగా వదిలేశాను. నా బుద్ధి అట్లా ఉండేది.

శనివారం వచ్చింది. దుబాయ్ గురించి చదివినవాడికి బిల్డింగులు, బంగారం దుకాణాలు ఉన్నాయి. వాడికి చప్పట్లు మోగిపోయాయి. తర్వాత నేను లేచాను. వస్తానన్న తాత ఇంకా రాలేదు. సైరన్ దాకా చదివేసరికే వెనక బెంచీల్లో గుసగుసలు. టాకీసుల దగ్గరకు వచ్చేసరికి ఒకడు పెద్దగా ఆవలించాడు. ఇంకొకడు "బొగ్గూ" అని సాగదీశాడు. అప్పటిదాకా నన్ను చూసి ఎవరూ ఆవలించలేదు. సారు బల్ల మీద పటం చూపించే పొడుగాటి కర్ర ఉంది. పుస్తకం మూసేసి ఆ కర్ర అందుకున్నాను.

నడుం వంచాను. కర్ర పైకెత్తి స్లాబును కొట్టాను. చెవి పెట్టి విన్నాను. కళ్లు పెద్దవి చేసి దగ్గాను. "జరుగుండ్రి, జరుగుండ్రి! బండ వడ్తది!" అని తాత గొంతుతో అరిచి బల్లల మధ్య అటూ ఇటూ పరుగెత్తాను. క్లాసు విరగబడి నవ్వింది. ఆ నవ్వు చెవినపడేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. ఇంకోసారి కొట్టాను, ఇంకోసారి దగ్గాను. ఆ అరుపు ఆయన నాకు చెప్పనిది. కానీ ఆ పిల్లవాడు పోయిన రోజు ఎవరో ఒకరు అట్లాగే అరిచి ఉంటారని నాకు ఆ క్షణంలో కూడా తోచింది. అయినా ఆగలేదు.

నవ్వు ఒక్కసారిగా తెగిపోయింది. సారు తలుపు వైపు చూస్తున్నారు. గుమ్మంలో తాత నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ చేయించినది. ఎప్పుడొచ్చాడో, ఎంత చూశాడో తెలియదు. కర్ర నా చేతిలో అట్లాగే పైకెత్తి ఉంది. భూమి చీలిపోయి నన్ను మింగేస్తే బాగుండుననుకున్నాను.

తాత లోపలికి వచ్చాడు. నా దగ్గరకు వచ్చి కర్ర అందుకున్నాడు. కొడతాడేమోననుకున్నాను. కొట్టినా బాగుండేది.

"మా పిల్ల మంచిగనే జూపిచ్చింది సారూ. జర వట్టుకునుడే తప్పు వట్టుకున్నది. గిట్ల వట్టుకోవాలె" అని పిల్లల వైపు తిరిగాడు.

తర్వాత ఆయన బడిలో ఒక అరగంట ఉన్నాడు. కర్ర ఎట్లా పట్టాలో చూపించాడు. స్లాబు కొట్టాడు, తలుపు కొట్టాడు, గోడ కొట్టాడు. కిటికీ కింద సున్నం లోపల డొల్లబారిన చోటు ఒకటి చప్పుడును బట్టి పట్టుకున్నాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చి చెవులు పెట్టి విన్నారు. ఇందాక ఆవలించినవాడే, నాకు నాకు అంటూ కర్ర కోసం ఎగబడ్డాడు. "లోపల పని జేసెటోని పానం గీ సప్పుడు మీదనే ఉంటది" అని తాత చెబితే అందరూ మళ్లీ గోడకు చెవులు ఆనించారు. నేను బోర్డు పక్కన నిలబడిపోయాను. నా తప్పును ఆయన అందరి ముందూ పాఠంగా మార్చేశాడు. నన్ను కాపాడాడు. అది అక్కడ నాకొక్కదానికే తెలుసు.

వెళ్లేముందు తాత నా దగ్గరకు వచ్చి, ఎవరికీ వినబడకుండా, "అంత సదివినవా బిడ్డా? గా ముచ్చట గూడ?" అని అడిగాడు.

లేదు తాతా అంటే సరిపోయేది. రెండే మాటలు. "సదివిన తాతా" అన్నాను.

తాత తల తిప్పి పిల్లల వైపు చూశాడు. వాళ్లింకా గోడ దగ్గరే తట్టుకుంటూ వింటున్నారు. అంతా తెలిసి కూడా ఈ పిల్లలు తనను అసహ్యించుకోలేదనుకున్నాడు పాపం. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

ఉగాది ముందు కాగితం కోసం వచ్చాడు. ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది. అప్పటికైనా రాసి ఇవ్వచ్చు, ఒక గంట పని. కానీ పెన్ను పట్టుకుంటే ఆ శనివారం కళ్ల ముందుకొచ్చేది, పుస్తకం మూసేసేదాన్ని. పుస్తకం పోయిందని చెప్పాను. బడిలో ఎక్కడో పోయింది, వెతికినా దొరకలేదు అన్నాను. తాత వెనక్కి తిరుగుతూ, "పోతె పోనీ, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మర్నాడు చేతిసంచీ పట్టుకుని బస్సెక్కాడు. పుస్తకం మాత్రం మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఉంది.

వారం తర్వాత తిరిగొచ్చాడు. ఏం జరిగిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన వాకిట్లో కూర్చుని ఉంటే నేను పెరటి దారిన బడికి పోయేదాన్ని. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే రెండేళ్లు గడిపాను. అక్క భర్త వచ్చి వాళ్లను నిజామాబాద్ తీసుకెళ్లిపోయాడు. ఆ మరుసటి ఏడు తాత పోయాడని ఎవరో చెప్పగా తెలిసింది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. తోముతూనే ఏడ్చాను.

ఉద్యోగంలో చేరాక ఒకసారి పరీక్షల డ్యూటీ మీద ఆ ఊరు వెళ్లాను. తాత చెప్పిందంతా అక్కడ ఉంది, సగం సగంగా. స్టేషన్ ఉంది, జనం లేరు. దవాఖాన ఉంది, చాలా గదులకు తాళాలు. క్వార్టర్ల వరుసల్లో తుమ్మ మొక్కలు మొలిచాయి, మధ్యలో అక్కడక్కడ ఒక ఇంటి ముందు ముగ్గు కనబడేది. అడుగుతూ అడుగుతూ గనిలో పోయిన ఆ పిల్లవాడి భార్య ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. డెబ్భై దగ్గర పడిన మనిషి, చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆర్మూర్ నుంచి వచ్చానని, తాత పక్కింటి పిల్లనని చెప్పగానే చేట పక్కన పెట్టేసింది.

"నువ్వేనా బిడ్డా! నువ్వేనా బళ్లె సదివిన పిల్లవు!" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆ ఉగాదికి తాత వచ్చి ఆమె ముందు కూర్చున్నాడట. ఆర్మూర్‌లో ఒక చిన్నపిల్ల నా తప్పంతా అందరి ముందూ లేచి చదివింది, పిల్లలు నన్ను ఒక్క మాట అనలేదు, ఆ పిల్లకున్న ధైర్యం నాకు లేకపాయె చెల్లె, అని మొదలుపెట్టి మొత్తం తన నోటితోనే చెప్పాడట. ఆమె మూడు రోజులు ఆయన మొహం చూడలేదు. నాలుగో రోజు పిలిచి అన్నం పెట్టింది. భర్తది తప్పు కాదని వాడలో ఇంటింటికీ పోయి చెప్పుకుంది. "నువ్వు సదవవట్టే గదా బిడ్డా, గా అన్న నోరు లేసింది" అంటూ నా చేతులు వదలడం లేదు.

ఊరుకుంటే సరిపోయేది. ఆమె సంతోషంగా ఉంది. కానీ ఆ చేతులు నన్ను పట్టుకుని ఉంటే ఊరుకోలేకపోయాను. "నేను సదవలేదమ్మా. ఒక్క ముక్క గూడ రాయలేదు. నవ్వులాట జేసిన. తాతకు అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె చేతులు మెల్లగా వదిలేసింది. కోపమొచ్చిందేమోనని చూశాను. కోపం కాదు. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"గయితె పాపం, ఆయన ఒక్కడే జెప్పుకున్నడా" అంది.

అవును, ఒక్కడే చెప్పుకున్నాడు. నేను తోడున్నానని నమ్మి అంత దూరం బస్సులో పోయాడు. నేను తోడు లేను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. చాయ్ పెట్టి ఇచ్చింది, బస్టాండు దాకా వచ్చి బస్సెక్కించింది. నేను చేయని మంచి నా పేరు మీద అక్కడ అన్నేళ్లు నిలబడి ఉంది. దాన్ని నా నోటితోనే తీసేసి వచ్చాను. కానీ ఆ మాట వినాల్సినవాడు పోయి అప్పటికే ఎన్నో ఏళ్లయింది. ఈ సిగ్గు నాతోనే ఉంది. ఎవరైనా పోనీలే, చిన్నపిల్లవు కదా అంటే నాకు కోపమొస్తుంది.